పిడుగు తీగ

కిందటి వారం మనం దామోదర్‌ని కబ్బన్‌పేటలో, అద్దె ఇంటి మేడ మీది గదిలో, రెండు చెవులకూ హెడ్‌ఫోన్లు బిగించుకుని కూర్చుని ఉండగా వదిలి వచ్చాం. ఎలక్ట్రానిక్ సిటీలో ఇంజినీరు ఉద్యోగం, ఇంటికొస్తే హామ్ రేడియో పిచ్చి, అదే, సొంత వైర్‌లెస్ సెట్టుతో ఊరూరి వాళ్ళతో మాట్లాడే సరదా. శ్రీరామనవమి సెలవు కదా అని, తన చేత్తో తయారుచేసుకున్న కొత్త ట్రాన్స్‌మిటర్‌ని మొదటిసారి ఆన్ చేసి, విజయవాడలో ఉన్న రేడియో మిత్రుడు గిరిధర్‌తో కబుర్లలో పడ్డాడు. గొంతు ఖంగుమంటోందని గిరిధర్ మెచ్చుకుంటూంటే మనవాడి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. సరిగ్గా అప్పుడే భార్య హరిణి మెట్లెక్కి వచ్చి, మాటా పలుకూ లేకుండా గోడకున్న మెయిన్ స్విచ్ ఆపేసింది.

"నువ్వు వాగిందంతా వీధి వీధంతా విన్నది" అంది ఆయాసపడుతూ.

దామోదర్ హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చుకుని ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదని తెలుస్తూనే ఉంది.

వీధి చివర పందిట్లో మైకు సెట్టు హనుమంతు సాయంత్రం హరికథ కోసం ఆంప్లిఫయర్ ఆన్ చేసి, వీధి పొడుగునా కట్టిన హారన్ స్పీకర్లు సరిచూసుకుంటున్నాడట. ఆడవాళ్ళంతా చాపల మీద కూర్చుని దండలు గుచ్చుతున్నారట. ఉన్నట్టుండి హారన్లు గరగరమన్నాయట, ఆ వెంటనే దామోదర్ గొంతు. హనుమంతు మైకు వైరు పీకేసినా ఆ గొంతు ఆగలేదట. ఎలా ఆపాలో తెలియక అతను నోరు తెరుచుకుని నిలబడిపోయాడట.

సిగ్గు కంటే ముందు దామోదర్‌కి వచ్చింది ఆశ్చర్యం. హారన్లకి లాగిన ఆ పొడుగాటి వైరే తన సిగ్నల్‌ని పట్టేసి ఉంటుంది, ఆంప్లిఫయర్ దాన్ని మాటగా మార్చేసి ఉంటుంది అని బుర్ర దానంతట అదే తేల్చేసింది. కొత్త ట్రాన్స్‌మిటర్‌కి అంత సత్తా ఉందా అని ఓ క్షణం ముచ్చట కూడా వేసింది. చూశారా మనవాడి వరస. పెళ్ళాం కళ్ళనీళ్ళ పర్యంతమై ఎదురుగా నిలబడి ఉంటే, ముచ్చట పడాల్సిన సమయమా అది?

"ఏం విన్నారు?" అన్నాడు చివరికి.

"అంతా. అటువైపు ఆయన మాటలు రాలేదు. నీవే. నువ్వొక్కడివే మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ, మధ్యమధ్యలో ఓవర్, ఓవర్ అంటూ."

"ఏరియల్ సంగతి కూడానా?"

హరిణి తల ఊపింది. ఆమె చేతిలో సగం గుచ్చిన కనకాంబరాల దండ ఉంది. దాన్ని అలాగే పట్టుకుని పరుగెత్తుకొచ్చానని ఆమెకే తెలిసినట్టు లేదు.

ఏరియల్ సంగతి అంటే, అదీ ఓసారి చెప్పుకుందాం. దామోదర్ మాట్లాడే బ్యాండుకి అరవై ఆరు అడుగుల రాగి తీగ కావాలి. అతనున్న ఇల్లు అందులో సగం కూడా లేదు. రెండో కొస పక్కింటి సొన్నమ్మవ్వ మేడ మీది నీళ్ళ ట్యాంకు పైపుకి కడితే తప్ప వేరే దారి లేదు. పోనీ ఉన్నమాట చెప్పి అడుగుదామా అంటే, ఇదివరకు ఉన్న ఇంట్లో వైర్‌లెస్ అనే మాట చెవిన పడగానే ఓనరు హడలిపోయి, పోలీసులొస్తారు పొమ్మని ఖాళీ చేయించాడు. సర్కారు ఇచ్చిన లైసెన్సు చూపించినా వినలేదు. ఆ దెబ్బ దామోదర్ మనసులో ఉంది. సొన్నమ్మవ్వకేమో ఉరుములంటే ప్రాణభయం. మబ్బు కాస్త గర్జిస్తే చాలు, మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అంటూ నాలుగిళ్ళకి వినబడేలా అర్జునుడి పేర్లు చదివేది. గోడ ఇవతల నుంచి అది విన్నాక దామోదర్ నాలిక మీదికి అబద్ధం తయారుగా వచ్చింది. "ఇది పిడుగు తీగ అవ్వా. ఎత్తులో కట్టుకుంటే ఇంటి మీద పిడుగు పడదు" అన్నాడు. ఆమె ఆ తీగకి పసుపు కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి మరీ కట్టనిచ్చింది.

ఆ ముచ్చటే ఇవాళ గిరిధర్ అడిగాడు, అంత పెద్ద ఏరియల్ అద్దె ఇంట్లో ఎలా కట్టావని. దామోదర్ తను చెప్పిన జవాబులు, ఇక నీ వంతు అనే ఓవర్‌తో సహా, ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు.

"పర్మిషనా? అదో పెద్ద కథ సార్. పక్కింటి ముసలావిడకి పిడుగు తీగ అని చెప్పా, ఓవర్."

"నమ్మకేం? బొట్టు కూడా పెట్టింది తీగకి, ఓవర్."

"చదువూ సంధ్యా లేని జనం సార్ వీళ్ళు. మనం ఏం చెప్తే అది. ఓ తీగ ముక్క చూపించి దణ్ణం పెట్టమంటే పెడతారు, ఓవర్."

ఈ చివరి మాట తర్వాత పడీపడీ నవ్వాడు కూడా. ఆ నవ్వు అన్ని హారన్లలోంచీ ఎలా మోగి ఉంటుందో తలుచుకునేసరికి అతని చెవులు కాలిపోయాయి.

"సొన్నమ్మవ్వ అక్కడే ఉందా?"

"నా పక్కనే ఉంది. దండకి ముడి వేస్తోంది. ఆ ముడి పూర్తిగా వేసి, దారం కొరికి, లేచి ఇంటికి వెళ్ళిపోయింది. నా వైపు చూడలేదు. మిగిలినవాళ్ళు మాత్రం అందరూ నన్నే చూశారు."

దామోదర్ కుర్చీలో కూలబడ్డాడు. "ఈ ఇల్లు మారిపోదాం" అన్నాడు.

"మారదాం. అక్కడా ఏరియల్ కడతావు. అక్కడా పక్కింట్లో ఓ అవ్వ ఉంటుంది" అంది హరిణి.

దామోదర్ లేచి చెప్పులేసుకున్నాడు.

పక్కింటికి వెళ్ళడానికి పది అంగలు వెయ్యాలేమో. ఆ కాస్త దూరంలోనే ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు అతన్ని చూసి గొంతు సవరించుకున్నారు. ఒకడు "ఓవర్" అన్నాడు గాలిలోకి చూస్తూ. రెండోవాడు మొహం తిప్పుకుని నవ్వు ఆపుకున్నాడు. దామోదర్ తల వంచుకుని గడప దాటాడు.

సొన్నమ్మ నడవలో కూర్చుని చిన్న రోట్లో యాలకులు దంచుతోంది. పానకంలోకి. ఆమె భర్త రామయ్య పోయినప్పటి నుంచీ పండక్కి పందిట్లో పానకం కలిపేది ఆమే. దామోదర్‌ని చూసి రోకలి ఆపలేదు.

"రా అప్పా. ఆ పీట యేసుకొని కూర్చో" అంది.

తిట్టి ఉంటే బాగుండు అనుకున్నాడు దామోదర్. తిట్లకి తయారై వచ్చాడు మరి. పీట ఎక్కడుందో చెప్తే వేసుకుని కూర్చోవడానికి తయారై రాలేదు.

"అవ్వా, సారీ. నేను మిమ్మల్ని అవమానించాలని అనలేదు. అది మీతో చెప్పింది కాదు. విజయవాడలో ఫ్రెండ్‌తో మాట్లాడుతున్నా. ఆ మైకులోకి వస్తుందని నాకు తెలీదు."

"మాతో చెప్పింది కాదు. అదే కదప్పా" అంది సొన్నమ్మ, రోట్లోంచి తొక్కలు ఏరి పక్కన పెడుతూ. "మా ముందర నువ్వు అవ్వా, అవ్వా అంటావు. మేము లేని తావున ఏమంటావో ఇయ్యాళ ఇనిపించింది."

ఆమె చిన్న ఇత్తడి చెంబులో పానకం పోసి అతని ముందు పెట్టింది. పండగ పూట ఇంటికొచ్చినవాణ్ణి ఉత్త నోటితో పంపడం ఆ ఇంట్లో లేదు. తాగకపోతే ఇంకో తప్పు అవుతుందని గుక్కెడు తాగాడు.

"ముసిలిది అన్నావని నాకేం బేజారు లేదు. ముసిలిదాన్నే. చదువు లేదంటే, అదీ నిజమే. నాకు ఒగటి చెప్పు. ఆ తీగ పిడుగుని ఆపతాదా, ఆపదా?"

"ఆపదు."

"పిలస్తాదా?"

"పిలుస్తుందని కాదవ్వా. కానీ అంత ఎత్తున ఉంది కాబట్టి, పడితే ఆ తీగ పట్టుకుని దిగే ఛాన్స్ ఉంది."

"యాడికి దిగతాది? నీ ఇంట్లోకా, నా ఇంట్లోకా?"

దామోదర్ నోరు విప్పలేదు. అతనికి తెలియక కాదు.

సొన్నమ్మ రోకలి పక్కన పెట్టింది. "ఉరిమినప్పుడంతా నువ్వు మేడెక్కి నీ మిషన్ వైరు పీకి కిటికీ బైటికి పారేస్తావు. నేను కండ్లారా చూసినా. పిడుగు రాకుండా తీగ ఉండాది కదా, ఈయప్ప యాల పీకతాడు అనుకున్నా. అడగాలని కూడా నాలిక మీదికి వచ్చింది. పెద్ద చదువు చదివినోడు, దాంట్లో ఏదో మతలబు ఉంటాదిలే అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నా."

తన మిషన్ కాలిపోకుండా తను జాగ్రత్త పడుతున్నప్పుడు, ఆ తీగ రెండో కొస ఈమె నెత్తి మీదే ఉందన్న సంగతి దామోదర్‌కి ఏనాడూ తట్టలేదంటే అబద్ధం. తట్టింది. తట్టిన ప్రతిసారీ, ఈ ఊళ్ళో పిడుగులు ఎక్కడ పడతాయిలే అని పక్కకి తోసేశాడు. ఇప్పుడు ఆ సంగతి ఆమె నోట వింటుంటే తన మీద తనకే రోత పుట్టింది.

"తీగ కట్టినాక నేను అర్జునా, ఫల్గుణా అనేది కూడా ఇడిసిపెట్టినా అప్పా" అంది సొన్నమ్మ నెమ్మదిగా. "ఇంజినీరప్ప తీగ ఉండాది అని ధైర్యంగా నిద్రపోయినా."

ఆ మాట ఆమె నిష్ఠూరంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే. దామోదర్ గబుక్కున లేచాడు.

"ఇప్పుడే విప్పేస్తానవ్వా. ఈ క్షణమే."

"విప్పుదువులే, ఉండు. నాది ఒగటే అయితే నేను నిన్ను కూర్చోబెట్టి మాట్లాడను. మేడెక్కి అట్ల ఒగసారి చూసి రా."

ఏం చూడాలో తెలియకపోయినా దామోదర్ మెట్లెక్కాడు. ట్యాంకు పక్కన నిలబడి చుట్టూ చూశాడు. కబ్బన్‌పేట మేడలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఆ మేడల మీద అక్కడొకటి, ఇక్కడొకటి సన్నటి తీగలు ఎండకి ఎర్రగా మెరుస్తున్నాయి. అవి అతను రోజూ చూస్తున్నవే. ఇక్కడివాళ్ళలో చాలామంది నేతపని వాళ్ళు కదా, నూలు ఆరేసుకోవడానికి కట్టుకున్నారు కాబోలు అనుకునేవాడు. ఇప్పుడు పక్క మేడ మీది తీగని పరకాయించి చూశాడు. రాగి తీగ. కాలిపోయిన మగ్గం మోటార్లలోంచి విప్పి తీసిన వైండింగ్ తీగ. దాని మధ్యలో పసుపు కొమ్ము కట్టి ఉంది. ఆ అవతలి మేడ మీది తీగకి వేపాకు, అంతకవతల ఎండిపోయిన పూలు. వాటిలో ఒక్కటీ నూలు ఆరేసుకోవడానికి కట్టింది కాదు.

కిందికి వచ్చేసరికి సొన్నమ్మ యాలకుల పొడి పొట్లం కడుతోంది.

"నీళ్ళ కొళాయి కాడ నేనే చెప్పినా అందురికీ" అంది తలెత్తకుండా. "మా పక్కింట్లో ఇంజినీరప్ప ఉండాడు, ఆయన చెప్పినాడు, రాగి తీగ ఎత్తుగా కట్టుకుంటే పిడుగు రాదు అని. నా మాట మీద కట్టుకున్నారు. ఇందాక నువ్వు నగిన నగువు నన్ను ఒగదాన్నే చూసి కాదు. అది ఆ ఇండ్లన్నిటికీ తగిలింది."

"నేను ఇంటింటికీ వెళ్ళి చెప్తాను. రేపు లీవ్ పెడతాను. నేనే విప్పుతాను."

"ఇంటింటికీ పోయి గుసగుస చెప్తే తలకొక మాట అవుతాది. ఒగ ఇంట్లో అవునంటారు, ఒగ ఇంట్లో కసిరి పంపిస్తారు. నువ్వు మైకులో అన్నావు. మైకులోనే చెప్పు. హరికథ మొదలయ్యే ముందర."

అంతమంది ముందరా అని దామోదర్ అడగలేదు కానీ మొహంలో అది కనబడే ఉంటుంది. సొన్నమ్మ పొట్లం కొంగున ముడేసుకుని లేచింది.

"నేను నీ తీగకి బొట్టు పెట్టినప్పుడు సిగ్గుపడలేదప్పా. నమ్మి పెట్టినా. సిగ్గు ఇప్పుడు నీ వంతు" అంది.

దీపాలు పెట్టే వేళకి పందిరి నిండిపోయింది. హరిణి భర్తతో పాటే వీధి పొడుగునా నడిచి వచ్చి, పందిరి మొదట్లో ఆగింది. "నీ పక్కన నిలబడలేను. ఆడవాళ్ళలో కూర్చుంటా. అక్కణ్ణుంచి వింటా" అని చెప్పి వెళ్ళిపోయింది. ఎలాంటి మొహాలు పెట్టి చూసినా వాళ్ళ మధ్యనే కూర్చోవాలని ఆమె నిశ్చయించుకుని వచ్చింది.

హనుమంతు మైకు చేతికిచ్చాడు. మైకు అంటే దామోదర్‌కి కొత్తా చెప్పండి. ఎక్కడో రష్యాలో, జపానులో ఉన్నవాళ్ళతో సరదాగా మాట్లాడేసే మనిషి. కానీ వాళ్ళెవరికీ అతని మొహం కనబడదు. ఇక్కడ ఇన్ని మొహాలు ఎదురుగా ఉన్నాయి. అలవాటు ప్రకారం అతని బొటనవేలు మైకు పక్కన బటన్ కోసం వెతికింది. నొక్కితే తప్ప మాట పోని మైకులు వాడినవాడు. ఈ మైకుకి అలాంటిదేం లేదు. అతని ఊపిరి చప్పుడు కూడా అప్పుడే వీధంతా వినిపిస్తోంది.

"నేను దామోదర్‌ని" అన్నాడు. ఆ పైన మాట రాలేదు.

వెనక నించున్న వాళ్ళలో ఎవరో "ఓవర్" అన్నారు. పందిరంతా గొల్లుమంది. దామోదర్ ఆ నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు. ముందు వరసలో సొన్నమ్మ నవ్వలేదు, తల తిప్పుకోలేదు. అలాగే చూస్తూ కూర్చుంది.

"సొన్నమ్మవ్వకి నేను అబద్ధం చెప్పాను. నా రేడియోకి ఏరియల్ కావాలి. ఉన్నమాట చెప్తే ఒప్పుకోరని పిడుగు తీగ అని చెప్పాను. అది పిడుగుని ఆపదు. మీ మేడల మీద మీరు కట్టుకున్నవీ ఆపవు. అవి ఉంటే ఇంకా ప్రమాదం. తప్పు సొన్నమ్మవ్వది కాదు, మీది కాదు. నమ్మినవాళ్ళని చూసి నవ్వాను. అంతకంటే సిగ్గుమాలిన పని నేనింతవరకూ చెయ్యలేదు."

ఇప్పుడు పందిట్లో నవ్వులు లేవు. అలా నిశ్శబ్దంగా వింటుంటే దామోదర్‌కి మరీ కష్టంగా ఉంది. నవ్వితేనే నయం అనిపించింది. చెమట తుడుచుకుని మళ్ళీ మైకు దగ్గర పెట్టుకున్నాడు.

"ఒక్క రిక్వెస్ట్. మీరెవరూ వాటి మీద చెయ్యి వెయ్యొద్దు. సన్నటి తీగలు, లాగితే ఎటు పోయి ఎక్కడ పడతాయో చెప్పలేం. రేపు పొద్దున నేనే ప్రతి ఇంటికీ వచ్చి జాగ్రత్తగా విప్పుతాను."

ఆడవాళ్ళలోంచి ఒకావిడ లేచి నిలబడింది. పట్టు మగ్గాలు నడిపే అశ్వత్థప్ప కోడలు, వెంకటలక్ష్మి.

"మా మామ ఆ పని మీదనే ఉండాడు సార్" అంది. "మధ్యాన్నం నుంచి మా ఇంటి ముందర పొయ్యేవాళ్ళంతా ఓవర్, ఓవర్ అని నగతా ఉండారు. మామకు తల కొట్టేసినట్ల అయింది. హరికథకు కూడా రాను అన్నాడు. అందురూ పందిట్లో ఉండేటప్పుడు ఎవురికీ కనపడకుండా పీకి పారేస్తా అని ఒగడే మేడెక్కినాడు."

"రెండో కొస దేనికి కట్టారమ్మా?"

"ఎత్తుగా ఉండల్ల అన్నారు కదా సార్. కరెంటు కంబానికి కట్టినాడు."

దామోదర్ మైకు నోటికి ఆనించుకున్నాడు. ఆయన్ని దిగమనండి అన్న మాట సగం హారన్లలోకి వెళ్ళింది. అంతలో పందిట్లో దీపాలు ఒక్కసారి ఎర్రబడి, ఆరిపోయాయి. వీధి దీపాలు, ఇళ్ళలో దీపాలు, హారన్లు, అన్నీ ఆగిపోయాయి.

ఎవరూ కంగారు పడలేదు. కరెంటు పోవడం ఈ ఊళ్ళో ఎవరికి కొత్త? "పండగ పూట కూడా తీసినారప్పా" అని ఒకరు విసుక్కున్నారు. హనుమంతు పెట్రోమాక్స్ లైటు కోసం ఎవర్నో కేకేస్తున్నాడు. వెంకటలక్ష్మి చీకట్లో కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటోంది.

పీకిన తీగ కరెంటు వైర్ల మీద పడి ఉంటుందని దామోదర్ ఒక్కడికే తట్టింది. మైకు కింద పడేసి పరుగెత్తాడు. జనాన్ని తోసుకుని, పందిరి గుంజకి భుజం కొట్టుకుని, వీధిలో పడ్డాడు. రొప్పుకుంటూ సందులు రెండుగా చీలే చోటికి వచ్చి టక్కున ఆగిపోయాడు. రెండు వైపులా చీకటి. రెండు వైపులా ఒకేలాంటి ఇళ్ళు. విజయవాడలో గిరిధర్ ఇల్లు ఏ వీధిలో ఎన్నోదో అతనికి కంఠతా వచ్చు. రెండేళ్ళుగా తనుంటున్న ఈ పేటలో అశ్వత్థప్ప ఇల్లు ఏదో అతనికి తెలియదు.